హాస్కిన్స్ ఉత్తరం

కూర్చోండి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి. ఫైరింజన్లు రెండూ బయట పెట్టించాం, చోటు చాలా ఉంది. బెంచీలు చాలకపోతే ఆ నీళ్ల గొట్టాల చుట్టల మీద కూర్చోండి, ఎడ్వీనా ఏమీ అనుకోదు. తుపాకులు బండ్లలోనే వదిలి లోపలికి వచ్చినందుకు మీ అందరికీ దండం. వేట రోజుల్లో మన ఊరివాళ్లను ఆ మాట అడగడం తేలిక కాదు.

టానరీ ఫాల్స్ జనమా. పై అడవుల నుంచి దిగివచ్చిన కొయ్యకోత మనుషులారా. రాజధాని నుంచి ఐదు గంటలు మంచులో కారు నడుపుకుని వచ్చిన పెద్దలారా. మనం ఎడ్వీనా మిషో కోసం వచ్చాం. ముప్పై నాలుగేళ్లు మన ఆస్పత్రి అత్యవసర విభాగంలో నర్సుగా చేసిన మనిషి కోసం. ఈ గదిలో సగం మంది ఒంటి మీద ఆవిడ వేసిన కుట్లున్నాయి. మిగతా సగం మందికి ఆవిడ పెట్టిన తిట్లు గుర్తున్నాయి.

గుమ్మం దగ్గర పంచిన కార్డు మీద 'కన్నుమూశారు' అని అచ్చేశారు. నేను ఒప్పుకోను. కన్నుమూయడమంటే మంచం మీద, పక్కన అయినవాళ్లు ఉండగా జరిగేది. ఎడ్వీనాను తొమ్మిది రోజుల కింద, ఉదయం ఎనిమిది గంటలకు, తుపాకీ మడమతో దవడ విరగ్గొట్టి, పొట్టలో కాల్చి చంపారు. ఈ మాట నేను మెత్తగా చెబితే ఆవిడ లేచి వచ్చి నన్ను తిడుతుంది.

చంపినవాడు ఇంకా దొరకలేదు. వాడి పేరు మీ అందరికీ తెలుసు, నా నోటితో పలకను. వాడి భార్య కోరీన్ బతికి ఉంది. ఆమె ఎక్కడుందో చెప్పనందుకే ఎడ్వీనా చచ్చిపోయింది. వాడు తుపాకీతో అడవిలో తిరుగుతున్నది ఇంకా ఆ అమ్మాయి కోసమే. ఇవాళ మనం ఏడుద్దాం, తప్పులేదు. కానీ ఏడుస్తూ కూడా ఈ ఒక్క సంగతి మరిచిపోకండి. కోరీన్ ప్రాణానికి గండం ఇంకా తప్పలేదు.

నేను లైల్ హాస్కిన్స్. ఇరవై ఆరేళ్లుగా అంబులెన్సు నడుపుతున్నాను. నాకు ఉపన్యాసాలు రావు. పాస్టరు గారు నన్ను పిలిచి, 'ఐదు నిమిషాలు మాట్లాడు లైల్, బూతులు లేకుండా' అన్నారు. అయ్యా, ఐదు నిమిషాలు సరిపోవు. రెండోది ప్రయత్నిస్తాను.

ఆవిడ మంచి మనిషి అని చెప్పడానికి నేను ఇక్కడ నిలబడలేదు. ఆ మాట ఎవరైనా చెబుతారు. ఆవిడ ఏం కట్టిందో, అది కట్టేటప్పుడు నేనేం చేశానో, దానివల్ల ఏం జరిగిందో చెప్పడానికి నిలబడ్డాను.

మీలో కుర్రవాళ్లకు తెలియకపోవచ్చు. ఒకప్పుడు మన అడవుల్లో చెట్లు నరికేవాళ్లు టోపీ లోపల నల్ల సిరాతో తమ ఒంటి సంగతులు రాసుకునేవాళ్లు. ఏ మందు పడదు, ఏ మందు వాడుతున్నారు, రక్తం ఏ గ్రూపు, అన్నీ ఆ ప్లాస్టిక్ టోపీలోనే. ఎందుకు రాసుకునేవాళ్లు? ఒక ఆస్పత్రిలో రాసింది పక్క ఆస్పత్రికి తెలియదు కాబట్టి. మన రాష్ట్రంలో ముప్పై ఆస్పత్రులుంటే ముప్పై బీరువాలు, ముప్పై తాళాలు. అందుకని మనవాళ్లు తమ ఆరోగ్యాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగారు.

పదిహేనేళ్ల కింద, ఫిబ్రవరిలో, గాస్టన్ లెవాక్ మోటారు రంపం చెట్టు ముడికి తగిలి ఎగిరి వెనక్కి వచ్చి తొడలోకి దిగింది. నేనే తీసుకొచ్చాను. బండి నేలంతా నెత్తురు, నా బూట్లు జారుతున్నాయి. టోపీ తీసి లోపల చూశాను. 'ఏ మందూ లేదు' అని రాసి ఉంది. హమ్మయ్య అనుకున్నాను. అది గాస్టన్ టోపీ కాదు. ముందురోజు కొమ్మ పడి తన టోపీ పగిలితే, బాబాయి కొడుకుది అడిగి పెట్టుకున్నాడు. అడవిలో టోపీ ఎరువు ఇవ్వడం, చుట్ట ఎరువు ఇవ్వడం మనకు ఒకటే కదా. ఎవరం ఆలోచించాం?

ఆస్పత్రికి చేరాక కూడా నెత్తురు ఆగడం లేదు. డాక్టరు రెండు చేతులూ లోపల పెట్టి నొక్కుతున్నాడు, ఆగడం లేదు. గాస్టన్ భార్య పరుగున వచ్చి చెప్పింది, డిసెంబరులో నగరంలో గుండె ఆపరేషన్ అయిందని, రోజూ ఏదో చిన్న గులాబీ రంగు బిళ్ల వేసుకుంటాడని. నెత్తురు పలచబడే మందు. ఏ మందో తెలిస్తే విరుగుడు మా అలమరలోనే ఉంది. ఎడ్వీనా నగరం ఆస్పత్రికి ఫోన్ చేసింది. అటువైపు గుమాస్తా, రోగి సంతకం పెట్టిన కాగితం ఫ్యాక్సులో పంపితే గాని చెప్పను అన్నాడు. రూలు అన్నాడు.

ఆవిడ ఏం చేసిందో నేను కళ్లారా చూశాను. గాస్టన్ బొటనవేలు పట్టుకుని, వాడి నెత్తుట్లోనే ముంచి, కాగితం మీద నొక్కి పంపింది. రెండు నిమిషాలకు జవాబు వచ్చింది. 'సంతకం చదవడానికి వీలుగా లేదు, మళ్లీ పంపగలరు.'

మళ్లీ పంపడానికి గాస్టన్ లేడు.

ఎడ్వీనా ఆ ఫ్యాక్సు యంత్రాన్ని గోడ నుంచి పీకి, మూసి ఉన్న కిటికీలోంచి బయటికి విసిరింది. గాజు ముక్కలు నా బండి మీద పడ్డాయి. రెండు వారాలు ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. ఆ రెండు వారాలూ ఆవిడ ఏడుస్తూ కూర్చుందనుకున్నారా? వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని ఉత్తరాలు రాసింది. శాసనసభ్యులకు, డాక్టర్లకు, పత్రికలకు, గవర్నరుకు. ఒక్కో ఉత్తరంలో ఒకటే మాట. ముప్పై బీరువాలకూ ఒకే తాళంచెవి కావాలి, అది జనం చేతిలో ఉండాలి.

ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ తన సెలవు రోజులన్నీ రాజధాని దారిలోనే అయిపోయాయి. సభాసంఘం ముందు ఎన్నిసార్లు కూర్చుందో లెక్కలేదు. ఇక పని అయ్యేలా ఉందనగా పెద్ద ఆస్పత్రుల కంపెనీ ఒకటి ముందుకొచ్చింది. ఆస్పత్రులన్నిటినీ కలిపే ఈ అల్లిక అంతా మేమే ఉచితంగా కట్టి పెడతాం, మేమే నడుపుతాం అంది. వాళ్ల లాయరు సూటు వేసుకుని వచ్చి, ఇలాంటి సున్నితమైన వ్యవహారం మామూలు జనం నడపలేరని సెలవిచ్చాడు. ఎడ్వీనా సంచిలోంచి గాస్టన్ వేలిముద్ర ఉన్న కాగితం తీసి, అప్పటికి నల్లగా ఎండిపోయింది, ఆయన ముందు పెట్టింది. 'ఇది చదవగలరా బాబూ? మీవాళ్లు చదవలేకపోయారు' అంది. లాయరు ఆ కాగితాన్ని ముట్టుకోలేదు.

ప్రభుత్వ శాఖ చేతికి వద్దంది ఎడ్వీనా. కంపెనీ చేతికీ వద్దంది. లాభం చూసుకోని ప్రజా సంస్థ కావాలంది. పద్నాలుగు కౌంటీల నుంచి ఒక్కో మనిషి దాని బోర్డులో ఉండాలి, వాళ్లు డాక్టర్లు కాకూడదు, ఊరి సభలో జనం ఎన్నుకున్నవాళ్లు కావాలి అంది. నాతో అన్న మాట ఇది. 'మన ఊరి మంచు తోసే బండి చూడు లైల్. అందరిదీ. అందుకే దాన్ని ఎవడూ తోలుకుపోడు, ఎవడూ అమ్ముకోడు. ఇది కూడా అలా ఉండాలి.'

మరి అంత మంచి పనికి మనం ఏం చేశామో చెప్పనా? సిగ్గుపడకుండా వినండి, ఎందుకంటే ముందు వరసలో ఉన్నది నేనే.

ఆరో ఏడాది మార్చిలో మన ఊరి సభ గుర్తుందా? బడి వ్యాయామశాలలో. ముందురోజు ఎవడో ఎడ్వీనా కారు బానెట్ మీద దుప్పి పేగులు గుమ్మరించి పోయాడు. ఆవిడ వాటిని కడగలేదు. వైపర్లు వేసుకుని అలాగే నడుపుకొచ్చి సరిగ్గా గుమ్మం ముందు నిలిపింది, మనమంతా ఆ కంపు పక్కనుంచి నడిచి లోపలికి వెళ్లేలా. లోపల మనం ఎలా అరిచాం. తుపాకులున్నవాళ్ల జాబితా తయారు చేస్తున్నారన్నాం. మిల్లు యజమానికి మన రోగాలు అమ్ముతారన్నాం. తాగుడు మానడానికి చేరినవాడి పేరు బజారుకెక్కుతుందన్నాం. ఎవడో భోజనాలకు తెచ్చిన బీన్స్ గిన్నె ఎత్తి విసిరాడు. ఆవిడ నుదురు చిట్లి కనుబొమ్మ మీదుగా నెత్తురు కారింది. చేతిరుమాలు అదిమిపెట్టుకుని, 'సరే, తర్వాతి ప్రశ్న' అంది.

తర్వాతి ప్రశ్న నాది.

నేను బెంచీ ఎక్కి నిలబడ్డాను. గాస్టన్ నెత్తురు నా బూట్ల మీద చూసినవాణ్ణి, అయినా నిలబడ్డాను. 'నా కాగితం ఎవడు తెరిచినా సరే, వాడి పేరు రాసిన ఉత్తరం నా ఇంటి పోస్టు డబ్బాలో పడాలి. కంప్యూటరులో కాదు. కాగితం మీద, సిరాతో. మూడు రోజుల్లో. అప్పుడైతేనే నా ఓటు' అన్నాను. బల్లలు గుద్దారు. ఈలలు వేశారు. ఇంకొకరెవరికీ రాని తెలివి నాకే వచ్చినట్టు నేను చుట్టూ చూశాను.

ఎడ్వీనా కలం తీసింది. 'నీకు అనుమానం ఎక్కువ లైల్. కానీ అడిగింది న్యాయం. రాసుకుంటున్నాను' అంది.

రాసుకుంది. చట్టంలో పెట్టించింది. ఆ ఉత్తరం ఉంది కాబట్టే మన కౌంటీ ఒప్పుకుంది, మన వెనక ఇంకో ఐదు కౌంటీలు ఒప్పుకున్నాయి, నాలుగు ఓట్ల తేడాతో శాసనసభలో నెగ్గింది. రాష్ట్ర ఆరోగ్య సమాచార సంస్థ అలా పుట్టింది. దాన్ని మనం 'తీగ' అంటాం. ఆ ఉత్తరాన్ని ఏమంటారో తెలుసుగా? రాష్ట్రమంతా హాస్కిన్స్ ఉత్తరం అంటారు. పెద్ద నోరున్నందుకు మీరు నన్నే బోర్డుకు పంపారు. తొమ్మిదేళ్లు నేను ఆ పేరు మెడలో వేసుకుని ఊరేగాను.

తీగ పనిచేసింది. ఆ సంగతి ఎవరూ కాదనలేరు. మిల్లు బాయిలరు పేలిన రోజున పదకొండు మందిని మూడు ఆస్పత్రులకు తరలించాం. చర్మం ఊడి, మాట రాని మనుషులు. వాళ్లు నోరు తెరవకుండానే వాళ్లకు ఏం పడదో అక్కడి డాక్టర్లకు తెలిసింది. తొమ్మిది మంది బతికారు. ముగ్గురు ఇవాళ ఇక్కడే కూర్చుని ఉన్నారు.

ఇప్పుడు కోరీన్ సంగతి.

ఈ ఏడాది ఏప్రిల్‌లో ఆ అమ్మాయి మణికట్టు విరిగి మన ఆస్పత్రికి వచ్చింది. మంచు మీద జారానంది. ఏప్రిల్ కదా, మంచు ఎక్కడుందని ఎడ్వీనా మనసులో అనుకుంది, పైకి అనలేదు. తీగలో చూసింది. ఆరేళ్లలో ఐదు ఆస్పత్రులు, పదకొండు సార్లు. పక్కటెముకలు. దవడ. ముందు పళ్లు. వీపు మీద పొయ్యి వాత. ప్రతి ఆస్పత్రిలోనూ ఒకటే మాట, జారిపడింది. వాడు కొట్టిన ప్రతిసారీ ఆమెను బండిలో పడేసి, రెండేసి, మూడేసి గంటలు నడిపి, ముందుసారి వెళ్లనిది చూసి మరో ఆస్పత్రికి తీసుకెళ్లేవాడు. ఏ ఆస్పత్రికీ రెండు మూడు దెబ్బలకు మించి కనపడలేదు. పదకొండూ ఒకచోట చూసిన మొదటి మనిషి ఎడ్వీనా.

మూడో రోజున వాళ్ల పోస్టు డబ్బాలో హాస్కిన్స్ ఉత్తరం పడింది. 'కోరీన్ గారి ఆరోగ్య వివరాలను ఎడ్వీనా మిషో, నర్సు, చూశారు.'

మన ఇళ్లలో పోస్టు ఎవరు తీస్తారు? చెప్పండి. రోడ్డు పక్కన ఇంటికి ఒకటే డబ్బా. సాయంత్రం మగవాడు బండి ఆపి, కిటికీలోంచి చెయ్యి చాపి, మొత్తం తీసుకుని లోపలికి వెళ్తాడు. మా నాన్న అలాగే చేశాడు, నేను అలాగే చేస్తాను. ఉత్తరం మీద ఉన్న పేరు ఎవరిదైనా డబ్బా ఇంటిది. బెంచీ ఎక్కి అరిచిన రోజున ఈ ఒక్క సంగతి నా బుర్రకు తట్టలేదు. నా కాగితం, నా డబ్బా అనుకున్నాను. డబ్బా తనది కాని మనిషి ఒకరుంటారని అనుకోలేదు.

వాడు ఆ ఉత్తరం చదివాడు. ఆ రాత్రి కోరీన్ ఎడమ కన్ను పోయింది.

ఎడ్వీనాకు తెలిసినప్పుడు నా దగ్గరికి వచ్చింది. 'నేను చూశాను కాబట్టే దాని కన్ను పోయింది లైల్' అంది. మర్నాడే బోర్డుకు రాసింది. ఉత్తరం ఇంటికి కాదు, మనిషికి వెళ్లాలి. ఎక్కడికి పంపమంటే అక్కడికి, చెల్లెలి ఇంటికో, పనిచేసే చోటుకో, చర్చికో. వద్దంటే మానేయాలి. అంతే. నాలుగు పంక్తులు.

ఆ నాలుగు పంక్తులూ నా చేతికి వచ్చాయి, ఎందుకంటే ఆ నిబంధన నా పేరు మీద ఉంది. నేనేం చేశాను? మేలో రోడ్లన్నీ బురద, సభ్యులు రాలేరన్నాను. జులైలో ఎండుగడ్డి కోతలన్నాను. సెప్టెంబరులో ఆవిడ నన్ను ఆస్పత్రి మెట్ల మీద ఆపి, 'ఏమయ్యా, నీ ఉత్తరానికి దెబ్బ తగులుతుందని బెంగా?' అంది. నవ్వుతూనే అంది. నేను కూడా నవ్వి, వేట రోజులు అయిపోనీ, చూద్దాం అన్నాను.

అవును, అదే బెంగ. ఇప్పుడు చెబుతున్నాను. అది నా పేరున్న ఒక్కగానొక్క విషయం. దాన్ని ముట్టుకోనివ్వడం నాకు ఇష్టం లేకపోయింది.

అక్టోబరు చివర కోరీన్ తొమ్మిది మైళ్లు నడిచి ఆస్పత్రికి వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు. మెడ చుట్టూ వేళ్ల గుర్తులు. కోర్టుకు వెళ్తానంది, సాక్ష్యం కావాలంది. ఆ పదకొండు సార్ల కాగితాలూ బయటికి తీయాలంటే తీగలో మళ్లీ చూడాలి. చూస్తే మూడో రోజున ఉత్తరం వెళ్తుంది. డాక్టరు గారు తన పేరుతో తెరుస్తానన్నారట, ఆయన ఇక్కడే ఉన్నారు, అడగండి. ఎడ్వీనా వద్దంది. 'మీకు చిన్నపిల్లలున్నారు. నాకు పిల్లి ఉంది, దానికి నేనంటే పడదు కూడా' అందట.

తన పేరుతోనే తెరిచింది. కాగితాలన్నీ తీసి జడ్జికి పంపింది. కోరీన్‌ను ఎక్కడికో చేర్చింది. ఉత్తరం ఏ రోజు వస్తుందో ఆవిడకు తెలుసు. షెరీఫుకు కూడా చెప్పింది, ఇద్దరు మనుషులను పెట్టారు, మూడో రోజు, నాలుగో రోజు. మంచు పడి పోస్టు రెండు రోజులు ఆలస్యమైంది. ఐదో రోజున కాపలా తీసేశారు.

ఐదో రోజున వాడు వచ్చాడు. భుజాన తుపాకీ, ఒంటి మీద వేటగాళ్ల నారింజ కోటు. నవంబరులో మన ఊళ్లో తుపాకీతో నడిచే మనిషిని ఎవరు రెండోసారి చూస్తారు? నేను కూడా ఒక్కసారే చూశాను. ఆస్పత్రి ముందు బండి కడుగుతూ చెయ్యి ఊపాను. వాడు కూడా ఊపాడు.

లోపల మందుల గదిలో ఫార్మసీ అమ్మాయి తలుపు గడియ వేసుకుని అంతా విన్నది. వాడు ఆరుసార్లు అడిగాడట, అదెక్కడ అని. ప్రతిసారికీ ఒక దెబ్బ. ఆవిడ మొదటిసారి ఒక మాట అంది. 'నాకు తెలుసు. నీకు చెప్పను.' రెండో దెబ్బకు దవడ విరిగింది, ఇక మాట లేదు. తల అడ్డంగా ఊపుతూనే ఉందట. ఆరోసారి తర్వాత కాల్చాడు.

తెలియదు అని ఒక అబద్ధం చెప్పొచ్చు కదా? నేను ఈ తొమ్మిది రోజులూ అదే ఆలోచించాను. చెప్పొచ్చు. కానీ అప్పుడు వాడు తెలిసినవాళ్లను వెతుక్కుంటూ పోతాడు. కోరీన్ చెల్లెలి ఇంటికి పోతాడు. తనకు తెలుసని చెబితే తన దగ్గరే ఆగిపోతాడు. ఆవిడ వాణ్ణి తన దగ్గర ఆపుకుంది.

మన డాక్టరు కట్టు కట్టి ఎక్కించారు. పెద్ద ఆస్పత్రి యాభై మైళ్లు. నేనే నడపాల్సింది, నడపలేనన్నాను. వెనక కూర్చుని ఆవిడ పేరు తీగలో కొట్టాను. నాలుగు సెకన్లు. ఏ మందు పడదు, రక్తం ఏది, పదేళ్ల కింద ఏ ఆపరేషన్ అయింది, అంతా తెర మీదికి వచ్చింది. అక్కడి డాక్టర్లకు అప్పటికే కనపడుతోంది. రక్తం సిద్ధంగా పెట్టారు. ఎక్కడా సంతకం అడగలేదు. ఆవిడ కట్టిందంతా, కట్టినట్టే, ఏ లోపమూ లేకుండా పనిచేసింది. పందొమ్మిదో మైలు వంతెన దగ్గర ఆవిడ చెయ్యి నా చేతిలో చల్లబడింది.

మూడు రోజుల తర్వాత పిల్లికి తిండి పెడదామని ఎడ్వీనా ఇంటికి వెళ్లాను. పోస్టు డబ్బాలో ఒక ఉత్తరం ఉంది. 'ఎడ్వీనా మిషో గారి ఆరోగ్య వివరాలను లైల్ హాస్కిన్స్, అంబులెన్సు, చూశారు.' దాన్ని మడిచి జేబులో పెట్టుకుని పిల్లికి తిండి పెట్టాను.

ఇప్పుడు పత్రికలు రాస్తున్నాయి, తీగ ఒక నర్సును చంపిందని. కంపెనీ మళ్లీ వచ్చింది. మామూలు జనం నడిపితే ఇలాగే ఉంటుందని, ఇప్పటికైనా మాకు అప్పగించండని. వచ్చే బుధవారం బోర్డు కూర్చుంటోంది. పెద్దలారా, మీరు రాజధాని నుంచి వచ్చారు కాబట్టి మీ ముందే చెబుతున్నాను. ఆవిడను తీగ చంపలేదు. తుపాకీతో ఒకడు చంపాడు. వాడికి దారి చూపించినవాడు లైల్ హాస్కిన్స్. మామూలు జనంలో ఒక తలపొగరు మనిషి చేసిన తప్పును మామూలు జనమే దిద్దుకోవచ్చు. కంపెనీ తప్పు చేస్తే దిద్దడానికి మనకు కుర్చీ కూడా ఉండదు. బుధవారం నేను ఆ నాలుగు పంక్తులూ చదువుతాను, ఓటు వేస్తాను, దానికి హాస్కిన్స్ పేరు తీసేయమంటాను, కుర్చీ దిగి ఇంటికి వెళ్తాను. దాన్ని అమ్మడానికి చెయ్యెత్తేవాడు ముందు నా వంక చూసి ఎత్తాలి.

మన్నించండి. గొంతు లేచింది.

ఇక ఆఖరి మాట. ఇది చెప్పడానికే ఐదు నిమిషాలు దాటించాను.

నిన్న మధ్యాహ్నం అటవీ వార్డెను కుక్క కొండ మీద వాడు పడుకున్న వేట గుడిసెను పట్టుకుంది. వాడు లేడు. పొయ్యి ఇంకా వెచ్చగా ఉంది. బల్ల మీద సగం రొట్టె, ఇంట్లో వండి సీసాలో పెట్టిన బీన్స్, అప్పుడే విప్పిన కొత్త తూటాల పెట్టె. వాడు తొమ్మిది రోజులుగా కొట్టు మొహం చూడలేదు. ఆ రొట్టె ఎలా వెళ్లింది? ఇవాళ మీరు తెచ్చి ఆ గోడ పక్కన బల్ల మీద పెట్టారే, అలాంటి రొట్టే అది. ఎవరో మనవాళ్లే తీసుకెళ్లారు. ఆ మనిషి ఇక్కడే ఉండొచ్చు. మనతో కలిసి పాట కూడా పాడి ఉండొచ్చు.

వాడి తల్లి వచ్చింది. ఆమె వంక ఎవరూ చూడకండి. ఆ వయసులో, ఆ మోకాళ్లతో ఆమె ఆ కొండ ఎక్కలేదు, ఇక్కడికి రావడానికే ఎంత గుండె కావాలో ఆలోచించండి.

రొట్టె ఇచ్చిన మనిషీ, నిన్ను తిట్టను. చిన్నప్పుడు కలిసి చేపలు పట్టి ఉంటారు. ఒకసారి నీ బండి బురదలోంచి లాగి ఉంటాడు. ఆకలితో ఉన్నవాడికి పెట్టానంటావు, అర్థం చేసుకోగలను. కానీ తూటాలు తినడానికి కాదు. ఆ పెట్టెలో ఒకటి కోరీన్ కోసం ఉంది. నేను కూడా చిన్న పని, తర్వాత చూద్దాం అనుకున్నాను. తర్వాత నేను ఆ బండి నేల కడిగాను. నువ్వు కడిగే రోజు తెచ్చుకోకు.

కోరీన్ ఎక్కడుందో తెలిసినవాళ్లు కూడా ఈ గదిలో ఒకరిద్దరు ఉండొచ్చు. మీకు ఒకటే మాట. భార్యకు చెప్పకండి, పాస్టరుకు చెప్పకండి, నాకు అసలే చెప్పకండి.

ఇప్పుడు లేవండి. పెద్దవాళ్లకు చెయ్యి ఇవ్వండి. టోపీలు తీయండి. ఇలాంటి చోట ఒక నిమిషం అంటారు, నేను నిమిషం అనను. ఆ పక్క తలుపు దగ్గర షెరీఫు డిప్యూటీ నాడీన్ నిలబడి ఉంది, వాడు ఎక్కడున్నాడో ఆమె చెవిన వేస్తే చాలు, తలుపు తెరిచే ఉంది. అందరం తల దించుకుందాం, కళ్లు మూసుకుందాం. ఎవరు కదిలారో ఎవరం చూడొద్దు. మధ్యలో ఒక మనిషి నడిచేంత దారి వదలండి.

ఎంతసేపైనా సరే. ఆ దారిలో అడుగుల చప్పుడు వినపడేదాకా ఎడ్వీనా కోసం మనం ఇలాగే నిలబడి ఉంటాం.